దింపుడు కళ్లం నుంచి జింకు పెట్టె దాకా

తెలుగు పల్లెల్లో పాడె ఏకబిగిన శ్మశానానికి చేరదు. ఇంటికీ కాటికీ నడుమ ఒక చోట దాన్ని కిందికి దించి, దగ్గరి బంధువు ఒకరు శవం చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. జవాబు రాకపోతే పాడె మళ్లీ భుజాలకెక్కుతుంది. ఆ చోటికి దింపుడు కళ్లం అని పేరు. ఇక నెరవేరదని తెలిసిన పని మీద మిగిలే ఆఖరి ఆశను దింపుడు కళ్లం ఆశ అనడం అక్కడి నుంచే వచ్చింది. చావును నిర్ధారించే వైద్యుడు అందుబాటులో లేని కాలంలో ఈ కాస్త ఆగడం ఆచారం వేషంలో ఉన్న పరీక్ష అనుకోవచ్చు. ప్రాణం పోవడానికీ దేహాన్ని అగ్నికో మట్టికో అప్పగించడానికీ నడుమ ఉన్న ఈ వ్యవధిని ఎంతకాలం సాగదీయాలి, ఎవరి కోసం సాగదీయాలి అన్న ప్రశ్నకు రకరకాల జాతులు చెప్పుకున్న జవాబులే శవ సంరక్షణ చరిత్ర. కొన్ని జాతులు ఆ వ్యవధికి అంతమే లేకుండా చేయాలని చూశాయి. తెలుగు నేల దాన్ని పొడిగించిన సందర్భాలు తక్కువ. పొడిగించిన ప్రతిసారీ కారణం దాదాపు ఒక్కటే: రావలసిన మనిషి ఇంకా రాకపోవడం.

వ్యవధి కురచగా ఉండడానికి మొదటి కారణం ఎండ. ప్రాణం పోయిన కొన్ని గంటలకే కండరాలు బిగుసుకోవడం మొదలై, 12 గంటలయ్యేసరికి ఒళ్లంతా కొయ్యబారుతుంది. ఒకటిన్నర రోజు గడిచేసరికి ఆ బిగువు సడలుతుంది. ఈలోగా కణాల్లోని ఎంజైములు ఆ కణాలనే కరిగించడం మొదలుపెడతాయి, పేగుల్లోని సూక్ష్మజీవులు అడ్డు లేక రక్తనాళాల వెంట ఒళ్లంతా పాకుతాయి. పొట్టకు కుడివైపు కింది భాగంలో కనిపించే పచ్చటి మచ్చ కుళ్లుకు తొలి గుర్తు. వరంగల్, రామగుండం ప్రాంతాల మే నెల ఎండల్లో ఈ మార్పులన్నీ మరింత తొందరగా జరుగుతాయి. అందుకే పొద్దున పోయినవారిని పొద్దుగూకకముందే సాగనంపాలన్న తొందర పుట్టింది. దీనికి తోడు ఊళ్లో శవం ఉన్నంతసేపు గుడి తలుపులు తెరవరు, చావింట్లోనే కాక వాడకట్టులోనూ పొయ్యి వెలిగించరు. “శవం ఎప్పుడు లేస్తది?” అన్న ప్రశ్నలో దుఃఖంతో పాటు ఆగిపోయిన ఊరి ఆకలి కూడా ఉంటుంది.

ఈ నేల మీద ఎప్పుడూ కట్టెలే పేర్చారని అనుకోవడం పొరపాటు. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని దామరవాయి దగ్గర అడవిలో పెద్ద పెద్ద రాతి పలకలను నిలిపి, పైన మరో బండను మూతగా వేసిన కట్టడాలు బారులు తీరి కనిపిస్తాయి. జనం వాటిని రాకాసి గుళ్లు అంటారు. ఇంత బండలను ఎత్తడం మనుషుల వల్ల అయ్యే పని కాదన్న ఆశ్చర్యంలోంచి పుట్టిన పేరది. అవి ఇనుప యుగం నాటి సమాధులు. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో పురావస్తు శాఖ తవ్విన అలాంటి సమాధి మీది మూతబండ బరువు సుమారు 40 టన్నులు; దాన్ని కదిలించడానికి క్రేన్లు అవసరమయ్యాయి. ఇటువంటి సమాధుల్లో ఎముకలు, నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. చాలాచోట్ల ఎముకలు అస్థిపంజరం వరుసలో ఉండవు. అంటే దేహం మొదట వేరేచోట శిథిలమయ్యాక, మిగిలిన ఎముకలను ఏరి తెచ్చి ఇక్కడ పెట్టారన్నమాట. వాళ్లు మాంసాన్ని కాపాడే ప్రయత్నం చేయలేదు. తమ శ్రమంతా రాయి మీద పెట్టారు. దేహం పోయినా చోటు మిగలాలన్నది ఆ సమాజం లెక్క కావచ్చు.

సరిగ్గా దీనికి ఎదురు లెక్క వేసుకున్నది ఈజిప్టు. అక్కడ తొలి రోజుల్లో ఎడారి ఇసుకలో పాతిన శవాలు వాటంతట అవే ఎండి నిలిచేవి. వేడి ఇసుక ఒంట్లోని నీటిని పీల్చేస్తే సూక్ష్మజీవులకు బతుకు ఉండదు. తర్వాత గొప్పవారికి చెక్క పెట్టెలు, రాతి గదులు కట్టడం మొదలయ్యాక శవానికీ ఇసుకకూ ఎడం ఏర్పడి, లోపలి దేహం కుళ్లిపోసాగింది. మర్యాద పెరిగినకొద్దీ శవం చెడింది. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి పుట్టిన విద్యే మమ్మీల తయారీ. మెదడును ముక్కు రంధ్రం గుండా కొక్కేలతో బయటికి తీసేవారు. ఎడమ పక్క కోసి కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణకోశం, పేగులను వేరుచేసి నాలుగు జాడీల్లో భద్రపరిచేవారు. బుద్ధికి నెలవుగా భావించిన గుండెను మాత్రం ఒంట్లోనే ఉంచేవారు. ఆ తర్వాత ఎండిన సరస్సుల నుంచి తెచ్చిన నేట్రాన్ అనే సోడా ఉప్పులో దేహాన్ని పూర్తిగా కప్పి ఆరబెట్టేవారు. నూనెలు, జిగురులు పూసి నార బట్టలు చుట్టడంతో కలిపి మొత్తం పనికి 70 రోజులు పట్టేది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, ఈ పనివారు మూడు రకాల ధరలు చెప్పేవారని, ధరను బట్టి పనితనం ఉండేదని రాశాడు. చావు దగ్గర బేరం ఆధునిక కాలపు కల్తీ అనుకునేవారికి ఆ భాగం చదవదగ్గది.

ఈజిప్టు మమ్మీ ఒకటి హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని కొని తెచ్చాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. నైషు అనే యువతిగా చెప్పే ఆ దేహం వేల ఏళ్లు ఈజిప్టులో చెక్కు చెదరకుండా ఉండి, ఇక్కడి గాలి తేమకు వందేళ్లలోపే పాడవడం మొదలైంది. 2016లో ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీసి, ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలోకి దాన్ని మార్చారు. నేట్రాన్ ఉప్పు చేసిన పనిలో సగం ఈజిప్టు పొడి గాలిదేనన్న సంగతి ఆ పెట్టె ముందు నిలబడితే తెలుస్తుంది.

ఈజిప్టు కన్నా ముందే ఈ పని మొదలుపెట్టినవారు దక్షిణ అమెరికాలో, నేటి ఉత్తర చిలీ తీరంలోని చించొర్రో జాలరులు. దాదాపు 7,000 ఏళ్ల కిందట వారు చర్మం ఒలిచి, ఎముకలకు కర్రలు కట్టి, మట్టితో ఒళ్లు పూరించి, మాంగనీసు నల్లరంగు పూసేవారు. రాజులూ పూజారులూ లేని ఆ సమాజంలో పసిపిల్లలకు, గర్భస్థ శిశువులకు సైతం ఈ మర్యాద దక్కింది. అక్కడి నీళ్లలో ఆర్సెనిక్ ఎక్కువ కావడం వల్ల గర్భస్రావాలు, శిశు మరణాలు అధికంగా జరిగి ఉంటాయని, బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖంలోంచి ఈ విద్య పుట్టి ఉంటుందని ఒక వాదం ఉంది. శవ సంరక్షణ రాజుల గర్వంతోనే మొదలైందన్న మామూలు ఊహను ఈ ఒక్క ఉదాహరణ తలకిందులు చేస్తుంది. ఇక చైనాలో, చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో 1970ల మొదట్లో బయటపడిన హాన్ యుగపు దొరసాని దేహం 2,000 ఏళ్ల తర్వాత కూడా కీళ్లు వంగేంత మెత్తగా ఉంది. ఒకదానిలో ఒకటి అమర్చిన పెట్టెలు, చుట్టూ బొగ్గు, తెల్ల బంకమట్టి కలిసి గాలిని, నీటిని లోనికి రానివ్వలేదు.

ఈజిప్టువారి నమ్మకంలో పోయినవారి ప్రాణశక్తి తిరిగి వచ్చి గుర్తుపట్టి చేరాలంటే పాత దేహం ఉండాలి. వైదిక సంప్రదాయం ఈ సమస్యను మరోలా తీర్చుకుంది. పాత దేహాన్ని కాల్చేసి, పది రోజుల పిండాలతో కొత్త దేహాన్ని కడుతుంది. మొదటి రోజు పిండంతో తల ఏర్పడుతుందని, వరుసగా ఒక్కో అవయవం కూడుకుని పదో రోజుకు ఆకలిదప్పులు పుడతాయని గరుడ పురాణం చెబుతుంది. శవాన్ని నిలబెట్టుకోవలసిన అవసరం ఈ ఊహలోనే తీరిపోయింది. అయినా దహనం ఒక్కటే పద్ధతి అయిందేమీ లేదు. ఋగ్వేదం పదో మండలంలోని 16వ సూక్తం అగ్నిని ఉద్దేశించినదైతే, 18వ సూక్తం తల్లి కొంగుతో బిడ్డను కప్పినట్టు చనిపోయినవాణ్ని కప్పుకొమ్మని భూమిని వేడుకుంటుంది. ఉత్తర తెలంగాణలో నేటికీ ఆ రెండూ నడుస్తున్నాయి. బొంద పెట్టే కులాలున్నాయి, కట్టె పేర్చే కులాలున్నాయి. పసిపిల్లలనూ సన్యాసులనూ అందరూ మట్టికే ఇస్తారు. వీరశైవులు దేహాన్ని కూర్చున్న భంగిమలో, అరచేతిలో ఇష్టలింగంతో సమాధి చేస్తారు. దహనం జరిగినచోట అస్థికలు గోదావరికి, వీలైతే కాళేశ్వరానికో ధర్మపురికో చేరతాయి. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద శివుడికీ యముడికీ రెండు లింగాలున్నాయి. ధర్మపురిలో యమధర్మరాజుకు గుడే ఉంది. “ధర్మపురికి పోతే యమపురి ఉండదు” అన్న మాట ఆ దారిలో ఎవరి నోటనైనా వినబడుతుంది.

కాల్చే సంప్రదాయం కూడా శవాన్ని నిలబెట్టక తప్పని ఘట్టం ఒకటి రామాయణంలో ఉంది. దశరథుడు కన్నుమూసినప్పుడు నలుగురు కొడుకుల్లో ఒక్కరూ దగ్గర లేరు. రామలక్ష్మణులు అడవిలో ఉన్నారు, భరత శత్రుఘ్నులు కేకయ రాజ్యంలో మేనమామ ఇంట ఉన్నారు. కొడుకు లేకుండా సంస్కారం చేయడానికి ఒప్పుకోని మంత్రులు రాజు దేహాన్ని నూనె నింపిన తొట్టిలో, అంటే తైలద్రోణిలో ఉంచి దూతలను పరుగెత్తించారు. భరతుడు ఏడు రాత్రులు దారిలో గడిపి అయోధ్య చేరాడు. నూనెలోంచి పైకి తీసినప్పుడు రాజు ముఖం పసుపు వన్నెకు తిరిగి, నిద్రపోతున్నట్టు ఉందని వాల్మీకి వర్ణించాడు. నూనె గాలిని తగలనివ్వదు, ఈగను వాలనివ్వదు. లోపలి కుళ్లును పూర్తిగా ఆపలేకపోయినా కొన్నాళ్లు గడువు ఇస్తుంది. విష్ణు పురాణంలో నిమి చక్రవర్తి దేహాన్ని కూడా యాగం ముగిసేదాకా సుగంధ తైలాలతో నిలిపి ఉంచారు.

బౌద్ధంలోనూ ఇదే మాట, ఇదే కారణం. బుద్ధుడి దేహాన్ని కొత్త బట్టలు, దూది పొరలు పొరలుగా చుట్టి ఇనుప తేలదోణిలో ఉంచారని మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. తేలదోణి అంటే పాలీ భాషలో తైలద్రోణియే. ఏడో రోజున ఆ ప్రాంతపు మల్ల తెగవారు చితికి నిప్పు పెట్టబోతే అంటుకోలేదట. దారిలో ఉన్న శిష్యుడు మహాకస్సపుడు వచ్చి పాదాలకు మొక్కిన తర్వాతే చితి దానంతట అది రగిలిందని కథ. ఆ తర్వాత అస్థికలను పంచుకుని వాటి మీద స్తూపాలు కట్టారు. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బయటపడిన శాతవాహన కాలపు స్తూపం ఆ ఆచారం ఉత్తర తెలంగాణ దాకా వచ్చిందనడానికి సాక్ష్యం. రాజు కోసమైనా, బుద్ధుడి కోసమైనా నూనె తొట్టి చేసిన పని ఒకటే: దూరాన ఉన్నవాడు నడిచి వచ్చేదాకా గడువు సంపాదించడం.

దేహాన్ని నిలపడం అనే ఊహనే కాదన్న సంప్రదాయాలూ ఉన్నాయి. ఇస్లాంలో స్నానం చేయించి, కఫన్ చుట్టి, జనాజా నమాజు ముగించి వీలైనంత త్వరగా ఖననం చేయాలి. పార్శీలు నిప్పును, మట్టిని, నీటిని మైల పరచకూడదన్న నియమంతో దేహాన్ని దఖ్మా అనే ఎత్తైన గుండ్రటి కట్టడం మీద రాబందులకు విడిచిపెట్టేవారు. సికింద్రాబాద్‌లో పార్శీగుట్ట అన్న పేరు ఆ ఆచారానికి గుర్తు. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు నశించి ఆ పద్ధతి చిక్కుల్లో పడింది. ఆ మందును పశువైద్యంలో 2006లో నిషేధించారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనిపించడం అందుకే వార్త అయింది. ఇండోనేషియాలోని తొరాజాలది పూర్తిగా వేరే దారి. అంత్యక్రియల ఖర్చు కూడే వరకు, నెలలూ ఏళ్లూ దేహాన్ని ఇంట్లోనే ఉంచుకుని, పోయినవారిని “జబ్బుపడినవారు” అనే పిలుస్తూ అన్నం పెడతారు. మూలికల చోట ఇప్పుడు అక్కడా ఫార్మాలిన్, అంటే నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం, వచ్చింది.

ఆ ఫార్మాలిన్ వెనుక ఉన్నది యూరప్ వైద్యశాలల చరిత్ర. 17వ శతాబ్దం చివర ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రెడెరిక్ రూయిష్ రక్తనాళాల్లోకి ద్రవాలు ఎక్కించి దేహ భాగాలను నిలిపాడు. ఆయన సేకరణను రష్యా చక్రవర్తి పీటర్ 1717లో కొన్నాడు. 18వ శతాబ్దంలో విలియం హంటర్ ఆ పద్ధతిని మొత్తం దేహానికి వర్తింపజేశాడు. అయితే ఈ విద్యను శవపరీక్ష గదుల నుంచి మామూలు ఇళ్లకు తెచ్చింది మాత్రం యుద్ధం. 1861 నుంచి 1865 దాకా సాగిన అమెరికా అంతర్యుద్ధంలో 6 లక్షల మందికి పైగా చనిపోయారు. దక్షిణాదిలో పడిపోయిన కొడుకు శవం ఉత్తరాది ఇంటికి రైలులో చేరాలంటే కుళ్లకుండా ఉండాలి. థామస్ హోమ్స్ అనే వైద్యుడు ఆ యుద్ధంలో 4,000కు పైగా దేహాలకు ఎంబామింగ్, అంటే కుళ్లకుండా రక్తనాళాల్లోకి రసాయనాలు ఎక్కించే పని, చేశానని చెప్పుకున్నాడు. 1865లో హత్యకు గురైన లింకన్ దేహాన్ని రైలులో ఊరూరా చూపుతూ స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చేర్చడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. లక్షల మంది చూసిన ఆ ముఖమే ఎంబామింగ్‌కు అతిపెద్ద ప్రచారం అయింది. అక్కడ కూడా మూల కారణం ఇంటికి చేర్చడమే. ఆ అవసరం తీరాక కూడా ఆ పద్ధతి వ్యాపారంగా మిగిలిపోయి, మామూలు చావులకూ తప్పనిసరి అలంకారం కావడం అమెరికా ప్రత్యేకత. లెనిన్ నుంచి మావో దాకా నేతల దేహాలను గాజు పెట్టెల్లో ఉంచడం ఈజిప్టు కోరికకు రాజకీయ రూపం. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

మొదట్లో వాడిన ఆర్సెనిక్, పాదరసం పనివారినే చంపేవి. ఫార్మాల్డిహైడ్ కణజాలాన్ని గట్టిపరుస్తుందని 1893లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్లుమ్ గుర్తించాక వాటి స్థానంలో అది వచ్చింది. ఈ రసాయనం ప్రొటీన్ పోగుల మధ్య వంతెనల్లా అతుక్కుని వాటిని బిగిస్తుంది. అలా బిగిసిన ప్రొటీన్‌ను సూక్ష్మజీవులు తినలేవు, ఎంజైములు కరిగించలేవు. మెడలోనో తొడలోనో ధమనిని తెరిచి, ఫార్మాలిన్, ఆల్కహాల్, గ్లిసరిన్, రంగు కలిపిన ద్రవాన్ని 8 నుంచి 10 లీటర్ల వరకు ఒత్తిడితో ఎక్కిస్తారు. పక్కనున్న సిర నుంచి రక్తం బయటికి వస్తుంది. గుండె ఆగినా అది వేసిన దారులే ద్రవాన్ని వేలి కొసల దాకా చేరుస్తాయి. తర్వాత పొట్ట, ఛాతీ కుహరాల్లోకి మరింత ఘాటైన ద్రవాన్ని నింపుతారు. వరంగల్‌లో 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల వంటి చోట్ల అనాటమీ విద్యార్థులకు కళ్లు మండించే వాసనగా పరిచయమయ్యేది ఈ రసాయనమే. దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వర్గీకరించింది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో ఎంబామింగ్ అన్న మాట వైద్య కళాశాల ద్వారా రాలేదు, గల్ఫ్ ద్వారా వచ్చింది. దుబాయిలోనో సౌదీలోనో కూలికి పోయినవాడు అక్కడే కన్నుమూస్తే, దేహం ఇంటికి చేరడానికి మరణ ధ్రువపత్రం, పోలీసుల అనుమతి, రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, వాటితో పాటు ఎంబామింగ్ ధ్రువపత్రం కావాలి. 1954 నాటి భారత విమాన ప్రజారోగ్య నియమాల ప్రకారం దేహాన్ని జింకు వంటి లోహపు తొడుగులో ఉంచి, అతుకులన్నీ గాలి చొరకుండా మూసి, దాన్ని చెక్క పెట్టెలో పెట్టాలి. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ పెట్టె దిగేది సరుకుల విభాగంలో. ఈ కాగితాలన్నీ కూడేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ముస్లిం కుటుంబాల్లో కొన్ని, ఆలస్యం మతం ఒప్పదు కనుక, అక్కడే ఖననానికి సమ్మతిస్తాయి. హిందూ కుటుంబాలకు ఆఖరి చూపే ప్రధానం. అయోధ్యలో తండ్రి నూనెలో ఉండి కొడుకు కోసం ఎదురుచూస్తే, ఇక్కడ కొడుకే ఫార్మాలిన్‌లో తండ్రి దగ్గరికి వస్తాడు. తలకొరివి పెట్టవలసినవాడు తలకొరివి పెట్టించుకుంటాడు.

అసలు దేహమే రాకపోతే ఏం చేయాలో కూడా శాస్త్రం ఆలోచించింది. దర్భలతో బొమ్మ చేసి, 360 మోదుగ కాడలను అవయవాలుగా పంచి దహనం చేయమంటుంది. ఓరుగల్లుకు ఆ కష్టం కొత్తది కాదు. 1323లో కోట పడిపోయాక ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలోనే ప్రాణం విడిచాడని విలస శాసనం చెబుతోంది. కాకతీయుల ఆఖరి రాజుకు సొంత గడ్డ మీద సమాధి కూడా లేదు. ఎదురు దిశలో నడిచిన కథ ఆదిలాబాద్ గోండులది. వారి మధ్య బతికిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో మరణిస్తే, కోరిక ప్రకారం మార్లవాయిలో ఖననం చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమెండార్ఫ్ అస్థికలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి.

గల్ఫ్ పెట్టెలతో పాటు ఊళ్లలోకి ఫ్రీజర్ పెట్టె కూడా వచ్చింది. మునుపు హైదరాబాద్ నుంచో బొంబాయి నుంచో కొడుకు రావలసి ఉంటే ఐసుగడ్డలు, రంపపు పొట్టు తెచ్చేవారు. ఇప్పుడు అద్దెకు తెచ్చిన గాజు మూత పెట్టె వాకిట్లో కరెంటు మీద నడుస్తుంది. చలి సూక్ష్మజీవులను చంపదు, మందగింపజేస్తుంది. ఒకటి రెండు రోజుల గడువుకు అది చాలు. అమెరికా నుంచి విమానం ఎక్కిన కూతురు దిగేదాకా శవం లేవదు. కాబట్టి ఊరి పొయ్యి ఆగే నియమం కూడా సడలుతోంది. పల్లె ప్రగతి కాలంలో గ్రామ గ్రామాన కట్టిన వైకుంఠధామాల్లో కాల్చే దిమ్మెలు, స్నానాల గదులు వచ్చాయి. శ్మశానం దూరమై మరో ఊరి కాటికి పోయే బాధ కొంత తగ్గింది.

ఈ సాగిన వ్యవధి వల్ల తెగని చిక్కు ఒకటి మిగిలింది: దినాల లెక్క ఎప్పటి నుంచి వేయాలి? పరదేశంలో మరణించినవారి వార్త పది రోజుల్లోపు తెలిస్తే మిగిలిన రోజులు మాత్రమే మైల, పది రోజులు దాటాక తెలిస్తే మూడు రాత్రులు, ఏడాది దాటితే స్నానంతో శుద్ధి అని మనుస్మృతి ఐదో అధ్యాయం చెబుతుంది. వార్త ఆలస్యం కావడాన్ని ఊహించిన ఆ నియమం, వార్త ఫోనులో అరగంటకే వచ్చి దేహం నెల తర్వాత రావడాన్ని ఊహించలేదు. తిథి పోయిన రోజుదా, నిప్పు పెట్టిన రోజుదా అన్నదానిపై అయ్యవార్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఊళ్లలో మాత్రం చాలామంది తలకొరివి పెట్టిన నాటి నుంచే లెక్క మొదలుపెట్టి, మూడో రోజు కల్లూ కూరా విస్తట్లో పెట్టి పిట్ట ముట్టడం కోసం ఎదురుచూస్తారు. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఆ పేరు కూడా కలుపుతారు.